లోతు లేని సంద్రం, దూరపు వేట

మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు పడమరగా దాదాపు నలభై కిలోమీటర్ల దూరాన, మలక్కా జలసంధిలో ఒక ఇసుక తిట్ట ఉంది. నావికుల పటాల్లో దాని పేరు వన్ ఫాదమ్ బ్యాంక్. ఓడ అడుగు తగిలేంత మెరక కావడంతో పందొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ దీపం పెట్టారు. ఇప్పుడు ఆ దీపస్తంభం పక్కనుంచి చమురు ఓడలు, కంటెయినర్ ఓడలు రాత్రీ పగలూ బారులు తీరి వెళ్తుంటాయి. 2023లో పోర్ట్ క్లాంగ్ రేవు ఒక్కటే కోటీ నలభై లక్షల కంటెయినర్లకు సమానమైన సరుకును ఎక్కించి దించింది. ఆ పెద్ద ఓడలు లేపే అలలకు ఊగుతూ, వాటి దారికి అటూ ఇటూ చిన్న చెక్క బోట్లు వలలు లాగుతుంటాయి.

ఆ బోట్లు చేసేది లోతు సముద్రపు వేట అంటే విశాఖ రేవులోని సరంగు నవ్వుతాడు. విశాఖ నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు లోపలికి పోతే చాలు, సముద్రం అడుగు ఒక్కసారిగా జారిపోయి వేల మీటర్లలోకి దిగుతుంది. క్లాంగ్ ఎదుట అలా కాదు. డెబ్బై మీటర్లు దాటిన చోటు కావాలంటే వెతుక్కోవాలి. ఏడాది పొడుగునా నీళ్ళు ముప్పై డిగ్రీలకు అటూ ఇటూగా వెచ్చగానే ఉంటాయి. వంద కిలోమీటర్లు పోయేసరికి అవతలి ఒడ్డు, సుమత్రా, వచ్చేస్తుంది. లోతూ లేదు, చలీ లేదు, పోదామంటే దూరమూ లేదు. అయినా గడిచిన అరవై ఏళ్ళలో ఈ తీరంలో వేట చుట్టూ వచ్చిన ప్రతి తగాదాకూ ప్రభుత్వాలు చెప్పిన మందు ఒకటే: ఇంకాస్త దూరం పొండి, ఇంకాస్త లోతుకు పొండి. ఆ మాట పట్టుకుని పోయిన వేట చివరికి దక్షిణ హిందూ మహాసముద్రపు చలినీళ్ళ దాకా వెళ్ళింది.

అసలు ఈ రేవు పుట్టుకే బురదలో జరిగింది. 1901కి ముందు ఓడలు క్లాంగ్ నది లోపలికి వచ్చి క్లాంగ్ ఊరి దగ్గర ఆగేవి. వంకర టింకర నది, తక్కువ నీళ్ళు. కౌలాలంపూర్ చుట్టుపక్కల తవ్విన తగరం బయటికి పోవాలంటే నది మొగలోనే రేవు కట్టాలని బ్రిటిష్ అధికారులు నిర్ణయించారు. మడ అడవి నరికి, రైలు పట్టాలు వేసి, 1901 సెప్టెంబరులో కొత్త రేవు తెరిచారు. అక్కడి పాలనాధికారి ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ పేరు మీద దానికి పోర్ట్ స్వెటెన్‌హామ్ అని పేరు. పోర్ట్ క్లాంగ్ అన్న పేరు 1972లో వచ్చింది.

తెరిచిన కొద్ది వారాలకే రేవులో మలేరియా చెలరేగింది. కూలీలు, గుమాస్తాలు, పోలీసులు వరసగా మంచం పట్టారు. రేవు మూసేద్దామా అన్నంత దాకా వచ్చింది. అప్పుడు క్లాంగ్‌లో వైద్యాధికారిగా ఉన్న మాల్కం వాట్సన్ కాలవలు తవ్వించి, గుంటలు పూడ్పించి, చెట్టూ చేమా కొట్టించాడు. జ్వరం తగ్గింది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో చూసింది 1897 ఆగస్టు 20న. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ ఎరుకను ఒక ఊరు మొత్తానికి వాడి గెలిచిన తొలి చోట్లలో ఈ రేవు ఒకటి. రాస్ పనిచేసిన బేగంపేట పాత బంగళా ముందునుంచి రోజూ వెళ్ళే జనంలో, మలయా రేవు ఒకటి దానికి రుణపడి ఉందని ఎందరికి తెలుసో!

ఆ రేవులోనే తెలుగువాళ్ళూ దిగారు. మద్రాసు దగ్గర ఆవడి శిబిరంలోనో నాగపట్నంలోనో రోజుల తరబడి ఉండి, డెక్కు మీద చోటు కొనుక్కుని, పెనాంగ్ మీదుగా పోర్ట్ స్వెటెన్‌హామ్ చేరేవారు. దిగగానే ఊళ్ళోకి పోనిచ్చేవాళ్ళు కాదు. మశూచి, కలరా భయంతో ముందు క్వారంటైన్ శిబిరంలో ఉంచేవారు. 1926లో నీళ్ళలోకి దిగిన రజులా ఓడ మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూర్ దారిలో నలభై ఏళ్ళ పైన తిరిగింది. ఒక్క విడతలో ఐదు వేలమంది దాకా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి దానికి ఉండేది. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేసే నాటికి తెలుగు కుటుంబాలు క్లాంగ్ ఉన్న సెలంగోర్ రాష్ట్రపు రబ్బరు తోటల్లోనూ, ఉత్తరాన పెరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరి తోటల్లోనూ స్థిరపడ్డాయి. మలయాలో ఆంధ్ర సంఘం 1955లో పుట్టింది.

వచ్చినవాళ్ళలో సముద్రం ఎరిగినవాళ్ళు లేకపోలేదు. ఉత్తరాంధ్ర తీరపు వాడబలిజలు, జాలర్లు ఎక్కడికి పోయినా వేట పట్టుకునేవాళ్ళే. పూరీ తీరంలో పెంటకోట అనే పెద్ద వాడనే కట్టుకున్నారు. మలయాలో మాత్రం అలా జరగలేదు. ఇక్కడ వేట అప్పటికే మలయ్‌ల చేతుల్లో, చైనావాళ్ళ చేతుల్లో ఉంది. తోట కూలీకి సంద్రంతో సంబంధం కంచంలోనే. రంగూన్ బియ్యం, పప్పు, ఎండుచేప: తోట దుకాణంలో నెలవారీ సరుకు ఇదే. నెత్తళ్ళను ఇక్కడ ఇకాన్ బిలిస్ అంటారు, కానగడతలను కెంబుంగ్ అంటారు. మన రొయ్యపొట్టు లాంటి చిట్టి రొయ్యలనే ఉప్పేసి, దంచి, ఎండబెట్టి, ముద్ద చేస్తే బెలచాన్. వాసనకు మొదట ముక్కు మూసుకున్నవాళ్ళే రెండో తరానికి అది లేనిదే కూర కాదన్నారు.

ఆ ఎండుచేప ఎక్కణ్ణుంచి వచ్చేది? చాలా వరకు రెండు చోట్ల నుంచి. ఒకటి అవతలి ఒడ్డున సుమత్రాలో, రోకాన్ నది మొగలో ఉన్న బగాన్‌సియాపియాపి. 1870ల ప్రాంతంలో హొక్కియన్ చైనావాళ్ళు వేసుకున్న ఆ వాడ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచంలోని అతి పెద్ద చేపల రేవుల్లో ఒకటిగా పేరు మోసింది. రెండోది ఈవలి ఒడ్డున, క్లాంగ్ నది మొగకు ఎదురుగా మడ దీవుల గుంపు. అందులో ముఖ్యమైనది పులావ్ కెతాం, పీతల దీవి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో క్లాంగ్ వైపు నుంచి చైనావాళ్ళు పీతల కోసం అక్కడికి వచ్చేవారు. మొదట వేట ముగించుకుని వెళ్ళిపోయేవారు, తరవాత ఉండిపోయారు. ఉండటానికి నేలంటూ లేదు. పోటు వస్తే దీవి మొత్తం నీళ్ళకిందకు పోతుంది. అందుకని నిబాంగ్ అనే తాటిజాతి చెట్టు మొద్దులు బురదలో దిగగొట్టి, వాటి మీద ఇళ్ళు వేశారు. నిబాంగ్ ఉప్పునీటికి తొందరగా పుచ్చదు. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క బాటలు, బాటల కింద నీళ్ళు. తాగునీరు కావాలంటే వానే దిక్కు, రేకుల కప్పుల మీద పడ్డ నీటిని తొట్లలో నింపుకునేవారు. హొక్కియన్, తియోచ్యూ, హైనాన్ మాటలు మాట్లాడేవాళ్ళు ఎవరి గుంపు వాళ్ళదిగా ఇళ్ళు కట్టుకున్నారు. ఈ దీవిలో ఇవాళ్టికీ కార్లు తిరగవు. సైకిళ్ళు, ఈమధ్య బ్యాటరీ బళ్ళు.

క్లాంగ్ తీరంలో వేట ఎలా ఉండేదో ఆంధ్ర తీరంవాళ్ళకు తేలిగ్గా ఊహకు రాదు. మన ఉప్పాడలోనో భీమిలిలోనో తెప్ప తోయాలంటే ముందు ఒడ్డు మీద విరిగే కెరటాన్ని గెలవాలి. సగం నేర్పు అక్కడే ఖర్చవుతుంది. క్లాంగ్‌లో కెరటం లేదు. ఉన్నది ఆటుపోటు. ఆటుకూ పోటుకూ మధ్య నీటి మట్టంలో తేడా అమావాస్య, పున్నమి రోజుల్లో నాలుగు మీటర్లు దాటుతుంది. ఆరు గంటలకోసారి సముద్రం మొత్తం దిక్కు మార్చుకుని పరిగెత్తుతుంది. చేప వెంట మనిషి పోనక్కర్లేదు, నీరే చేపను తెచ్చిపెడుతుంది. దీవుల మధ్య సన్నటి పాయల్లో గుంజలు పాతి, వాటికి సంచీ లాంటి వల కట్టి, పరుగు నీటికి ఎదురుగా నోరు తెరిచి ఉంచితే చాలు. కోనసీమ పాయల్లో గిడస వల కట్టే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. కాస్త లోపల, నాలుగైదు బారల నీళ్ళలో, వందల గుంజలతో బాణం ములుకు ఆకారంలో కంచె కట్టేవారు. చేప కంచె వెంబడి ఈదుకుంటూ పోయి చివరి గదిలో పడుతుంది. దాన్ని కెలాంగ్ అంటారు. దాని మీదే చిన్న గుడిసె, అందులో మనిషి కాపలా.

ఈ వేటలో దూరం అన్న మాటే లేదు. వల ఉన్నచోటికి నీరు, నీటితో చేప. నీరు తిరిగే వేళ వల ఎత్తాలి. అది పగలు కావచ్చు, రాత్రి రెండింటికి కావచ్చు. పంచాంగం చూసుకుని బతికే వృత్తి.

డబ్బు మాత్రం వేరే నీటి మీద నడిచేది. బోటు కొనడానికి, వల నేయించడానికి, వేటలేని రోజుల్లో బియ్యానికి అప్పిచ్చేది తౌకే, అంటే చైనా షావుకారు. బదులుగా చేప మొత్తం అతనికే, అతను చెప్పిన ధరకే. అసలు తీరదు, వడ్డీ అని పేరు పెట్టకుండానే వడ్డీ చేప ధరలో పోతుంటుంది. మన తీరంలో షావుకారు అప్పు తీరక బోటు మీద హక్కు పోగొట్టుకున్న కుటుంబాలకు ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు. మలేషియా ప్రభుత్వం 1971లో చేపల వేటగాళ్ళ అభివృద్ధి సంస్థను పెట్టినప్పుడు దళారీల పట్టు సడలించడం దాని పనుల్లో ఒకటి. కొంత సడలింది. పూర్తిగా పోయిందని తీరంలో ఎవరూ చెప్పరు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత పదిహేనేళ్ళలో వేట రూపం మారింది. ముందు నైలాన్ వల వచ్చింది. నూలు వల ఎండబెట్టాలి, చెట్టు బెరడు కషాయంలో నానబెట్టాలి, అయినా కుళ్ళిపోతుంది. నైలాన్‌కు ఆ బాధ లేదు. తరవాత డీజిల్ ఇంజను. ఐసు దొరకడంతో చేపను ఎండబెట్టే తొందర పోయి, పచ్చిచేప కౌలాలంపూర్ సంతకు తెల్లారేసరికి చేరేది. అదే కాలంలో మన కాకినాడలోనూ మరపడవల తయారీ మొదలైంది.

ఆ తరవాత ట్రాల్ వల.

1960 ప్రాంతంలో జర్మన్ నిపుణుల సాయంతో థాయిలాండ్ అడుగు వల లాగే పద్ధతిని తన తీరానికి సరిపడేలా మార్చుకుంది. కొద్ది ఏళ్ళలోనే థాయి ట్రాలర్లు వేలకు చేరాయి. ఆ పద్ధతి సరిహద్దు దాటి పెనాంగ్, పెరాక్, సెలంగోర్ తీరాలకు పాకింది. ఒకసారి ఆ వల ఎలా పైకొస్తుందో చూస్తే గొడవ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. బోటు వెనక రెండు బరువైన బోర్డులు నీళ్ళలో విచ్చుకుని వల నోరు తెరిచి ఉంచుతాయి. వల అడుగు అంచు బురదను గీరుకుంటూ వస్తుంది. రెండు గంటలు లాగాక విన్చి తిరుగుతుంది, తాళ్ళు బిగుస్తాయి, వల కొస సంచీ డెక్కు మీద వేలాడుతుంది. కలాసీ ఒకడు దాని కిందకు వంగి ముడి లాగి పక్కకు దూకుతాడు. డెక్కు నిండా బురదా చేపా కలిసి జారతాయి: పిడికెడు మంచి రొయ్యలు, నాలుగు చందువాలు, కొన్ని సావడాయిలు, గులివిందలు, పీతలు, జెల్లీ చేపలు, ప్లాస్టిక్ కవర్లు, మిగిలిందంతా వేలెడంత కారలు, ఇంకా పేరు తేల్చలేని పిల్ల చేపలు. రొయ్యలు ఒక బుట్టలోకి, కూర చేపలు ఇంకో బుట్టలోకి. పిల్ల చేపలను పారతో ఎత్తి గోనెల్లోకి. వాటిని మలయ్‌లో ఎరువు చేపలు అనే పిలుస్తారు. పేరుకు తగ్గట్టే కొన్నాళ్ళు పొలాలకు, బాతులకు, ఆ తరవాత చేపల మేతకు పోయాయి.

ఆ పిల్ల చేపలు ఇంకొన్నాళ్ళు ఆగితే ఒడ్డు దగ్గర చిన్న వలవాడికి అందాల్సినవి. పైగా ట్రాలర్‌కు మంచి రొయ్య దొరికేది ఒడ్డుకు దగ్గరి బురదలోనే. రాత్రివేళ దీపాలు ఆర్పుకుని లోపలికి వచ్చేది, దారిలో ఉన్న చిన్న వలలను చీల్చుకుంటూ పోయేది. చిన్నవాళ్ళు ఊరుకోలేదు. 1964 నుంచి 1976 దాకా మలేషియా పడమటి తీరంలో నమోదైన ఘర్షణలు 113. పడవలు తగలబెట్టారు, ముంచారు. 34 మంది జాలర్లు చచ్చిపోయారు. తీరంలో చిన్న వలవాళ్ళు ఎక్కువగా మలయ్‌లు, ట్రాలర్ యజమానులు ఎక్కువగా చైనావాళ్ళు కావడంతో రొయ్యల తగాదాకు జాతి రంగు అంటుకుంది. 1969 మే జాతి అల్లర్ల తరవాత కౌలాలంపూర్‌లో కూర్చున్నవాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపించే అవకాశం లేదు.

ప్రభుత్వం మొదట ట్రాల్‌ను నిషేధించాలని చూసింది. ఆగలేదు. తరవాత లైసెన్సులిచ్చి అదుపు చేయాలని చూసింది. చివరికి 1980ల మొదట్లో సముద్రాన్ని పట్టీలుగా కోసింది. ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్ళ దాకా చిన్న వలలవాళ్ళకు. ఐదు నుంచి పన్నెండు దాకా నలభై టన్నుల లోపు బోట్లకు, అదీ యజమాని తానే నడిపేవాటికి. పన్నెండు నుంచి ముప్పై దాకా అంతకు మించిన ట్రాలర్లకు. ముప్పై దాటాక డెబ్బై టన్నులు మించిన బోట్లకు. ప్రభుత్వం లోతు సముద్రపు వేట అన్నది దీన్నే. 1985 చేపల చట్టం దీనికి గట్టి పునాది వేసింది. అవతలి ఒడ్డున ఇండోనేషియా ఈ తగాదాలతోనే విసిగి 1980లో ఏకంగా ట్రాల్‌నే నిషేధించింది.

కాగితం మీద పట్టీలు చక్కగా ఉన్నాయి. పోర్ట్ క్లాంగ్ ముందు నీళ్ళ మీద గీస్తే మాత్రం లెక్క తప్పుతుంది. జలసంధి వెడల్పు అక్కడ యాభై, అరవై నాటికల్ మైళ్ళు. సగం ఇండోనేషియాది. అంటే ముప్పై మైళ్ళు నిండేలోపే సరిహద్దు వచ్చేస్తుంది. లోతు సముద్రపు పట్టీ క్లాంగ్ ఎదుట దాదాపు లేనే లేదు! ఉన్న పాతిక ముప్పై మైళ్ళలోనే అంతర్జాతీయ ఓడల దారి ఒకటి. దూరం పొమ్మన్న ప్రభుత్వం మాట వినాలంటే క్లాంగ్ బోటు ఉత్తరాన లంకావి దాటి అండమాన్ సముద్రం వైపు పోవాలి, అంత డీజిల్ పోసి పోయే స్తోమత ఉన్నది కొద్దిమందికే. మిగిలినవాళ్ళు ఉన్న నీళ్ళలోనే ఒకరినొకరు తోసుకున్నారు. పట్టపగలు పట్టీ దాటనివాడు రాత్రి దాటేవాడు, సరిహద్దు దాటినవాడు ఇండోనేషియా గస్తీకి చిక్కేవాడు.

ఆంధ్ర తీరం ఈ పాఠాన్నే వేరే పుస్తకంలో చదివింది. విశాఖలో 1970లు, 80ల్లో మెక్సికో నమూనా పెద్ద ట్రాలర్లు వచ్చాయి. ఒడిశా దాటి సాండ్‌హెడ్స్ దాకా పోయి టైగర్ రొయ్యను గుట్టలుగా తెచ్చాయి. అవి పేరుకు లోతు సముద్రపు ట్రాలర్లు, నిజానికి అన్నీ రొయ్య ఉన్న మెరక నీళ్ళ చుట్టూనే తిరిగాయి. రొయ్య పలచబడేసరికి యజమానులు అప్పుల్లో పడ్డారు, ఓడలు రేవులో తుప్పు పట్టాయి. 1991 తరవాత కేంద్రం విదేశీ ఓడలతో కూడిన లోతు సముద్ర విధానం తెచ్చినప్పుడు దేశమంతా జాలర్లు రేవులు మూసి సమ్మె చేశారు. దాని మీద వేసిన మురారి కమిటీ 1996లో ఆ అనుమతులు రద్దు చేయమంది. రాష్ట్రంలో 1994 చట్టం ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్లు తెప్పలకూ నాటు పడవలకూ కేటాయించింది. ఎనిమిది కిలోమీటర్లకూ ఐదు నాటికల్ మైళ్ళకూ తేడా కిలోమీటరు పైచిలుకే. రెండు ప్రభుత్వాలు ఒకరినొకరు అడక్కుండానే దాదాపు ఒకే గీత దగ్గర ఆగాయి. విశాఖ వాడికి ఉన్న వెసులుబాటు ఒక్కటే, గీత అవతల నిజంగా లోతు ఉంది.

క్లాంగ్ ఇరుకు నీళ్ళలోంచి కెతాం దీవి తనదైన దారి వెతుక్కుంది. గత మూడు నాలుగు దశాబ్దాల్లో దీవుల మధ్య పాయల్లో తేలే చెక్క చట్రాలు కట్టి, వాటి కింద వల పంజరాల్లో చేపలు పెంచడం మొదలుపెట్టారు. ఎక్కువగా పెంచేది సియాకాప్, మన గోదావరి జిల్లాలవాళ్ళు పండుగకు దాచుకునే పండుగప్పే. దానితోపాటు బొంత చేపలు. సెలవు రోజుల్లో పోర్ట్ క్లాంగ్ జెట్టీ నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చే జనానికి దీవి హోటళ్ళలో ఇవే వడ్డిస్తారు. పంజరంలో ఒక కిలో చేప పెరగాలంటే అంతకు ఎన్నో రెట్లు మేత కావాలి, ఆ మేత ట్రాలర్ తెచ్చిన ఎరువు చేపే. చిన్న చేపను పట్టుకుంటే రేపటి వేట పోతుందని అందరికీ తెలుసు. అదే చిన్న చేప ఇవాళ పంజరం యజమానికి ముడిసరుకు. ఈ ముడి విప్పే దారి దీవిలో ఇంకా దొరకలేదు. రేవు పక్క నుంచి మరో ఒత్తిడి. 1973లో దేశంలో తొలి కంటెయినర్ రేవు పోర్ట్ క్లాంగ్‌లోనే మొదలైంది, 1990ల్లో పులావ్ ఇందా దీవి మీద పడమటి రేవు లేచింది. ఓడల దారి లోతు చేయడానికి బురద తవ్వినచోటల్లా పీతలకూ రొయ్యపిల్లలకూ నీడ పోయింది. కెతాం పిల్లలు చదువుకుని క్లాంగ్‌లో, కౌలాలంపూర్‌లో ఉద్యోగాలు చూసుకున్నారు. మలేషియా ట్రాలర్ల మీద ఇప్పుడు కలాసీ పనికి మయన్మార్, ఇండోనేషియా లాంటి దేశాల మనుషులు వస్తున్నారు.

నిజమైన దూరం పోయింది వేరేవాళ్ళు. జలసంధిలో చేప తరిగాక మలేషియా కంపెనీలు టూనా వైపు చూశాయి. పెనాంగ్‌లోని బాతు మౌంగ్‌లో టూనా రేవు కట్టారు. హిందూ మహాసముద్రంలో పెద్దకన్ను టూనా, పసుపురెక్క టూనా పట్టి అక్కడికి తెచ్చారు. 2010ల్లో ఆ ఓడలు ఇంకా కిందకు దిగాయి. ఆఫ్రికా వైపు, భూమధ్యరేఖకు బాగా దక్షిణాన, అల్బకోర్ టూనా తిరిగే నీళ్ళకు పోయి, మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌ను మకాం చేసుకున్నాయి. పోర్ట్ క్లాంగ్ నుంచి అక్కడికి గీత గీస్తే ఐదు వేల కిలోమీటర్ల పైమాటే.

ఆ ఓడ మీద రోజు కెలాంగ్ మీది రోజుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఇక్కడ నీరు చేపను తేదు. మనిషే చేప కోసం పదుల కిలోమీటర్ల పొడుగు తాడు పరవాలి. చీకటి ఉండగానే ఓడ వెనక భాగంలో కలాసీలు వరసగా నిలబడతారు. ఒకడు గాలానికి ఎర గుచ్చి అందిస్తే, ఇంకొకడు కొమ్మ తాడును పెద్ద తాడుకు తగిలిస్తాడు, మూడోవాడు మధ్యమధ్య బుడగ కట్టి విసురుతాడు. రెండు వేల పైచిలుకు గాలాలు దిగేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. తరవాత కొంచెం నిద్ర. మధ్యాహ్నానికి మళ్ళీ మొదటి బుడగ దగ్గరికి వచ్చి తాడు లాగడం మొదలెడితే అర్ధరాత్రి దాటినా పని సాగుతూనే ఉంటుంది. నూరు గాలాలకు రెండు మూడు చేపలు పడితే మంచి రోజు. దక్షిణానికి పోయేకొద్దీ గాలి ముదురుతుంది, నీళ్ళు ఇరవై డిగ్రీల కిందకు పడిపోతాయి. జలసంధిలో చొక్కా లేకుండా పనిచేసినవాడు ఇక్కడ రబ్బరు కోటు, రెండు జతల తొడుగులు వేసుకోవాలి. తడిసిన తాడు పట్టి లాగిన వేళ్ళు మొద్దుబారతాయి. తిరుగు బోటు అంటూ సాయంత్రానికి ఉండదు. నెలల తరబడి నీళ్ళ మీదే.

ఇంకా దక్షిణాన, అంటార్కిటికా చుట్టూ గడ్డకట్టే చలి నీళ్ళలో, రెండు వేల మీటర్ల లోతు దాకా బతికే టూత్‌ఫిష్ ఉంది. నెమ్మదిగా పెరిగే చేప, బతుకు కాలం దశాబ్దాలు, ధర విపరీతం. దాన్ని పట్టడానికి అంతర్జాతీయ ఒప్పందం ఉంది, అందులో మలేషియా సభ్య దేశం కాదు. అయినా ఆ కథ మలేషియా గడప తొక్కింది. నిషేధించిన వలలతో ఆ చేపను దొంగతనంగా పట్టే ఆరు ఓడల గుంపు ఒకటి పదేళ్ళ పైగా జెండాలు, పేర్లు మార్చుకుంటూ తిరిగింది. అందులో థండర్ అనేదాన్ని సముద్ర జీవుల రక్షణకు పనిచేసే సీ షెపర్డ్ సంస్థ ఓడలు 2014 డిసెంబరులో అంటార్కిటిక్ నీళ్ళలో కనిపెట్టి 110 రోజులు వెంటాడాయి. 2015 ఏప్రిల్ 6న అది ఆఫ్రికా పడమటి తీరంలో, సావో తోమే దగ్గర మునిగింది. మరుసటి నెల, మేలో, ఆ గుంపులోని మరో ఓడ పెర్లాన్‌ను మలేషియా సముద్ర గస్తీ సంస్థ తన జలాల్లో పట్టుకుంది. ఓడ కడుపులో రెండొందల టన్నులకు పైగా టూత్‌ఫిష్. దొంగతనంగా పట్టిన చలి నీళ్ళ చేప ఆసియా సంతకు చేరాలంటే ఏదో ఒక వెచ్చటి రేవు కావాలి, అడిగేవాడు లేడనుకున్న రేవు అయితే మరీ మంచిది. అది ఆ దొంగల లెక్క. ఆ ఏడాది తప్పింది.

చట్టం ప్రకారం పోయే టూనా ఓడల లెక్క వేరు. వాటి మీద మలేషియా జెండా ఉంటుంది, పట్టిన చేప మలేషియా వాటాలో నమోదవుతుంది. చేప మాత్రం చాలావరకు గడ్డకట్టిన దిమ్మలుగా పోర్ట్ లూయిస్‌లోనే దిగి, అక్కణ్ణుంచి డబ్బాల ఫ్యాక్టరీలకు పోతుంది. కలాసీ, ఎర, డీజిల్, కొనుగోలుదారు అన్నీ వేరే దేశాలవి. క్లాంగ్ సంతలో పొద్దున్నే బేరమాడే ఇల్లాలు ఆ చేపను చూడదు. ఆమె బుట్టలోకి వచ్చేది ఇప్పటికీ కానగడతలు, నెత్తళ్ళు, కెతాం రొయ్యలు. వాటి ధర ఏటేటా పెరుగుతోందని మాత్రం ఆమెకు తెలుసు.